పండ్ల ఐస్‌క్రీం మెషీన్ కొనాలా, ఇంట్లో మిక్సీ చాలా? ఎండాకాలమంతా వాడి చూశాను

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తా. మెషీన్‌కి 5కి 2 మార్కులు. హన్మకొండ చౌరస్తాలో స్టీలు సామాన్ల కొట్టులో కొన్న కుల్ఫీ అచ్చులకి 5కి 5. మెషీన్‌కి పెట్టింది 3,200 రూపాయలు, ఆరు అచ్చులకి 240. కంపెనీ పేరు రాయట్లేదు. అచ్చం ఇలాగే కనిపించేవి వేరే వేరే పేర్లతో చాలా అమ్ముతున్నారు, నేను చెప్పబోయే ఇబ్బందులు ఎక్కువగా ఆ పద్ధతితోనే వచ్చేవి.

అసలు ఎందుకు కొన్నానంటే, మార్చి చివర్లో మా బాపు, అంటే మా నాన్న, పరకాల పక్కన ఊరి నుంచి వచ్చి నయీంనగర్‌లో మా ఇంట్లోనే ఉన్నాడు. ఆయనకి 12 ఏళ్లుగా షుగర్. చల్లటివి అంటే ప్రాణం. రాత్రి కుల్ఫీ బండి గంట వినిపిస్తే చాలు, మా చిన్నదాన్ని ఎత్తుకుని గేటు దగ్గరికి పోతాడు, పిల్ల పేరు చెప్పి తానూ ఒకటి తింటాడు. వద్దంటే ఏమీ అనడు గానీ ఆ రాత్రి అన్నం సరిగా తినడు. ఇటు పిల్లలకేమో సెలవులు రాకముందే లీటరు డబ్బా రెండు రోజులకి అయిపోతోంది.

ఒకరోజు ఆ డబ్బా మీద ఏం రాసుందో చదివాను. ఐస్‌క్రీం అన్న మాటే లేదు, ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉంది. మన దేశంలో మామూలు ఐస్‌క్రీం అని అమ్మాలంటే అందులో కనీసం 10 శాతం పాల కొవ్వు ఉండాలి, దాని బదులు పామాయిల్ లాంటి నూనెలు కలిపితే ఫ్రోజెన్ డెజర్ట్ అని రాయాలి. లీటరు డబ్బాలో ఉండాల్సిన బరువు కూడా కనీసం 525 గ్రాములే, మిగతాది చిలికేటప్పుడు ఎక్కించిన గాలి. గాలి ఎక్కించడాన్ని నేను తప్పు పట్టను, అది లేకపోతే చెంచా దిగదు. కానీ మేం కొన్న మామిడి డబ్బాలో మామిడి వాసన తప్ప పండు లేదు. చుట్టూ ఇన్ని పండ్లు దొరికే ఊళ్లో ఉండి, ఎండాకాలంలో పిల్లలకి పండు లేని మామిడి పెడుతున్నానా అని ఆ రోజు చాలా బాధేసింది. ఆ బాధలోనే రాత్రి 11 గంటలకి ఫోన్‌లో ఈ మెషీన్ ఆర్డర్ పెట్టేశాను.

ఇది ఎలా పనిచేస్తుందో తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. పైన గొట్టం ఉంటుంది, గడ్డకట్టించిన పండు ముక్కలు అందులో వేసి ప్లాస్టిక్ రోకలి లాంటి దానితో నొక్కాలి. లోపల పళ్లున్న దిమ్మ తిరుగుతూ ముక్కల్ని తురిమి పిండి కింది నుంచి మెత్తటి ముద్దలా వదులుతుంది. పాలు, క్రీమ్, చక్కెర ఏమీ అక్కర్లేదని ప్రకటన.

అరటిపండు విషయంలో ఆ ప్రకటన నూటికి నూరుపాళ్లు నిజం. తొక్క మీద నల్లమచ్చలు పడ్డ అరటిపండ్లు ముక్కలు కోసి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి మర్నాడు మధ్యాహ్నం వేస్తే, కింద గిన్నెలోకి పట్టుకుచ్చులా మెలికలు తిరుగుతూ దిగింది. చక్కెర గింజ వేయలేదు. మా పెద్దోడు ఇది బయట కొన్నదే అని వాదించాడు. అరటిపండులో పెక్టిన్ అనే పండు జిగురు, మెత్తటి గుజ్జు ఎక్కువ, అవి నీళ్లని పట్టి ఉంచుతాయి కాబట్టి గడ్డకట్టినా ఐసు పలుకులు పెద్దగా తగలవు. మొదటి వారం రోజూ అదే చేశాను, పక్కింటి అక్కకి కూడా కొనుక్కోమని చెప్పాను. తొందరపడ్డాను.

రెండో వారం పుచ్చకాయ వేశాను. అందులో 90 శాతం పైన నీళ్లే, బయటికి వచ్చింది ఎర్రటి ఐసు తురుము, రెండు నిమిషాల్లో కరిగి నీళ్లు. బొప్పాయి పర్వాలేదు, కాకపోతే చప్పగా ఉంది. మామిడికి మెషీన్ ఆగిపోయింది. మామిడి ముక్క గట్టిగా గడ్డకడితే దిమ్మ తిరగదు, పది నిమిషాలు బయట పెట్టి వేయమని కాగితంలో రాశారు. మే నెలలో వరంగల్‌లో ఎండ 43, 44 డిగ్రీలు, వంటింట్లో పది నిమిషాలు పెడితే ముక్క పైన జారుతుంది, లోపల రాయిలా ఉంటుంది. అయిదు నిమిషాలకే వేస్తే మోటారు మూలుగుతుంది. ఆ మధ్యలో ఎక్కడుందో ఆ సరైన నిమిషం, నాకు ప్రతిసారీ దొరకలేదు.

ఇక కడగడం. ఒక పూటకి విడదీసి కడగాల్సినవి 5 ముక్కలు, ఆ పళ్ల దిమ్మ చుట్టూ అతుక్కున్న గుజ్జు చిన్న గరిటెడు ఎప్పుడూ వృథా. అది గీకి తీయడానికి నేను టూత్‌బ్రష్ ఒకటి కేటాయించాల్సి వచ్చింది. జులై మొదట్లో మూత కింద ఉండే రబ్బరు రింగు సాగిపోయింది, రసం మోటారు వైపు కారడం మొదలైంది. వాళ్ల నంబరుకి నాలుగుసార్లు ఫోన్ చేస్తే చివరికి చెప్పిన మాట, రింగు విడిగా దొరకదు, వారంటీ మోటారుకి మాత్రమే అని. మూడు వేలు పెట్టిన వస్తువు చిన్న రబ్బరు ముక్క దగ్గర ఆగిపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడట్లేదు. ఎవరైనా కొనేట్టుంటే ముందు ఆ రింగు విడిగా అమ్ముతారా అని అడిగి, అవునంటేనే డబ్బు కట్టండి.

ఎండాకాలం నుంచే అప్పుడప్పుడూ చేస్తున్న మిక్సీ పద్ధతిని ఆ రింగు పోయాక గట్టిగా పట్టుకున్నాను, అసలు రుచి అందులోనే ఉంది.

పండు రసాన్ని ఊరికే గడ్డకట్టిస్తే ఐసు ఎందుకవుతుందంటే, అందులోని నీళ్లు నెమ్మదిగా పెద్ద పెద్ద పలుకులు కడతాయి. ఆ పలుకులు పెరగకుండా అడ్డుపడేవి మూడు, తీపి, కొవ్వు, చిక్కదనం. ఈ మూడూ మన వంటింటి డబ్బాల్లోనే ఉన్నాయి. ఖర్జూరం, బెల్లం తీపికి. పల్లీలు, నువ్వులు, జీడిపప్పు, కొబ్బరి పాలు కొవ్వుకి. పల్లీల్లో దాదాపు సగం నూనే కదా, వేయించి పొట్టు తీసి మిక్సీలో నూనె వదిలేదాకా తిప్పితే అదే మన క్రీమ్. చిక్కదనానికి బట్టలో కట్టి నీరు తీసిన గట్టి పెరుగు, లేదా బియ్యప్పిండి జావ. ఈ జావ సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు గానీ నాకు అన్నిటికన్నా పనికొచ్చింది అదే. ఒక చెంచా బియ్యప్పిండిని అర గ్లాసు పాలల్లో ఉండలు లేకుండా కలిపి సన్నమంట మీద చిక్కబడేదాకా ఉడికించి, పూర్తిగా చల్లారాక పండు గుజ్జులో కలపాలి. ఉడికిన పిండి నీళ్లని పట్టేసుకుంటుంది, అచ్చులో గడ్డకట్టాక కొరికితే పళ్లకి ఐసు కరకరమనదు. రాగిపిండితో కూడా చేశాను, సపోటాతో బాగా కలిసింది, మామిడితో రంగు పోయింది.

మా ఇంట్లో ఎక్కువసార్లు చేసిన కొలత ఇది. మచ్చలు పడ్డ అరటిపండ్లు 3, గడ్డకట్టించినవి, పల్లి ముద్ద 2 పెద్ద చెంచాలు, నానబెట్టిన ఖర్జూరాలు 2, యాలక్కాయ ఒకటి, చిటికెడు ఉప్పు. ఉప్పు మర్చిపోకండి. చల్లటి వస్తువు నాలుకకి తీపి తక్కువగా తెలుస్తుంది, ఆ చిటికెడు ఉప్పు పడితే ఉన్న తీపే పైకి లేస్తుంది, ఇంకో చెంచా చక్కెర వేయాలనిపించదు.

మిక్సీని మాత్రం కష్టపెట్టొద్దు. మాది 750 వాట్లది, అయినా చిన్న జారులో కొద్దికొద్దిగా వేసి, స్విచ్ వెనక్కి తిప్పి వదిలి, తిప్పి వదిలి నాలుగైదుసార్లు కొట్టాక అప్పుడు తిప్పాలి. జారు నిండా వేసి ఆపకుండా తిప్పితే ఆగిపోతుంది. ఒకసారి మాది అలా ఆగితే కాలిపోయిందనుకుని ఎంత టెన్షన్ పడ్డానో. మా ఆయన వచ్చి మిక్సీ తిరగేసి అడుగున ఉన్న చిన్న ఎర్ర బటన్ నొక్కాడు, మళ్లీ తిరిగింది. లోడు ఎక్కువైతే మోటారుని కాపాడటానికి ఆగే ఏర్పాటు అది, పది నిమిషాలు చల్లారనిచ్చి నొక్కాలి.

ముక్కలు గడ్డకట్టించేటప్పుడు డబ్బాలో కుక్కి పెట్టొద్దు. స్టీలు పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి పెడితే తొందరగా గడ్డకడతాయి, తొందరగా గడ్డకట్టినవాటికి పలుకులు చిన్నవి. గట్టిపడ్డాక డబ్బాలోకి మార్చుకోవచ్చు. కరెంటు ఎక్కువసేపు పోయి కరిగి మళ్లీ గడ్డకట్టిన ముక్కలు మాత్రం పలుకులు పలుకులుగా తయారవుతాయి, రుచి పోతుంది. మే నెలలో గాలిదుమారం వచ్చిన రెండు రోజులు నాకు అదే అయింది, అవన్నీ మజ్జిగలో వేసి తిప్పి తాగేశాం.

మామిడికి మేం జగిత్యాల వైపు నుంచి వచ్చే బంగినపల్లి కొన్నాం. రెండు పండ్ల గుజ్జు, ఒక కప్పు గట్టి పెరుగు, పైన చెప్పిన బియ్యప్పిండి జావ, కలిపి అచ్చుల్లో పోస్తే 6 వచ్చాయి. తీపి చాలకపోతే బెల్లం. మా ఇంట్లో మేడారం జాతర నుంచి తెచ్చిన బంగారం ఇంకా కిలో పైన ఉండె. మన దగ్గర ఆ బెల్లాన్ని బంగారం అనే అంటాం కదా, ప్రసాదం కాబట్టి పారేయలేం, రోజూ పాయసం చేయలేం. అది తురిమి కొద్ది నీళ్లలో కరిగించి వడకట్టి పెట్టుకుంటే ఎండాకాలమంతా వచ్చింది. మొదటి చెంచా పోసేటప్పుడు మా అత్తమ్మ కళ్లకద్దుకుని పోయమంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బెల్లం వేశాం, పండుతో చేశాం, కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చు అని మన ఇళ్లలో చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. బెల్లంలో కూడా ఎక్కువ భాగం చక్కెరే. ఖర్జూరంలోనూ చక్కెరే, కాకపోతే పీచు ఉంటుంది. పండుని గడ్డకట్టిస్తే అందులోని తీపి ఎక్కడికీ పోదు. మామిడిలో 100 గ్రాములకి సుమారు 14 గ్రాములు చక్కెర, అరటిపండులో 12. బాపుకి నేనే చేతులారా మామిడి కుల్ఫీ రెండు పెట్టాను, ఇంట్లో చేసిందే కదా అని. రెండు గంటల తర్వాత వేలి మీద గుచ్చి చూస్తే, షుగర్ చూసే మెషీన్ మీద అంకె చూసి నా గుండె గుభేలుమంది. ఆయన మాత్రం, "పోనీ బిడ్డా, మంచిగనే ఉండె," అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టక, ఆయన తినగలిగేది ఏముంది అని ఆలోచిస్తుంటే జామ గుర్తొచ్చింది. తీపి మామిడి కన్నా తక్కువ, పీచు 100 గ్రాములకి 5 గ్రాముల పైనే. చల్లగా తినడం ఆయనకి ముఖ్యం, తీపి ఆ తర్వాతే. బస్టాండు దగ్గర బండి మీద జామకాయని నాలుగు చీలికలు చేసి ఉప్పూకారం పూసి ఇస్తే వద్దనేవాళ్లు ఎవరున్నారు? అదే అచ్చులో పోద్దామనుకున్నాను.

కుమార్‌పల్లి మార్కెట్‌లో బాగా మాగినవి, నొక్కితే వేలు దిగేవి, అరకిలో తెచ్చాను. ముక్కలు కోసి అర గ్లాసు నీళ్లతో మిక్సీలో రెండే రెండు తిప్పులు. ఎక్కువ తిప్పితే గింజలు నలిగి ఇసుకలా నోట్లో తగులుతాయి. జల్లెడలో వేసి గరిటె వెనక వైపుతో రుద్దితే గుజ్జు కిందికి, గింజలు పైన. అందులో సగం నిమ్మకాయ, కొద్దిగా నల్ల ఉప్పు, వేయించి దంచిన జీలకర్ర, ఇక చపాటా కారం. మన వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, టమాట మిర్చి అని కూడా అంటారు, రంగు చూస్తే మంట పుట్టేలా ఉంటుంది గానీ ఘాటు తక్కువ. పావు చెంచా వేస్తే గుజ్జు లేత గులాబీ రంగుకి తిరిగింది. పల్లి ముద్ద గానీ బెల్లం గానీ వేయలేదు. జామ గుజ్జు దానంతటదే చిక్కగా ఉంటుంది, పెక్టిన్ మెండు, కాబట్టి జావ అవసరం కూడా పడలేదు.

ఈ అచ్చులు అల్యూమినియంవి, పొడుగ్గా గరాటులా ఉంటాయి, పైన మరతో బిగించే ప్లాస్టిక్ మూత. అంచుదాకా పోయకండి, గడ్డకట్టేటప్పుడు నీళ్లు ఉబ్బుతాయి, వేలెడు ఖాళీ వదలండి. పుల్లటివి అల్యూమినియంలో రోజుల తరబడి ఉంచడం నాకు ఇష్టం లేదు, జామ, నిమ్మ లాంటివి రాత్రి పోసి మర్నాడే తీసేస్తాను. తీసేటప్పుడు నల్లా కింద రెండు సెకన్లు పట్టి రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పితే చాలు, మే నెలలో మన ట్యాంకు నీళ్లు ఎలాగూ వేడిగానే వస్తాయి. ఎక్కువసేపు పడితే పైపొర కరిగి ఆకారం పోతుంది. మూత బిగుసుకుపోతే చాకు పెట్టి లేపొద్దు, ఒక మూత నేను అలాగే విరగ్గొట్టాను. కొట్టతను వేరే మూత ఒకటి ఊరికే ఇచ్చాడు, పది రూపాయలు ఇవ్వబోతే తీసుకోలేదు. రబ్బరు రింగు కోసం నాలుగు ఫోన్లు చేసిన నాకు ఆ ఒక్క మూత ఎంత సంతోషమిచ్చిందో చెప్పలేను.

మొదటి జామ ఐసు బాపుకే ఇచ్చాను. పుల్ల పట్టుకుని ముందు వాసన చూశాడు, అంచు కొంచెం కొరికాడు, కళ్లు చిన్నవి చేసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. కారం గొంతులో కొద్దిగా తగిలినట్టుంది, "ఇదేందే, జామకాయనా ఐసా?" అన్నాడు. తర్వాత పుల్ల మీద చివరి చుక్క దాకా తిన్నాడు. ఒకటే తినాలని ముందే మాట్లాడుకున్నాం, ఒకటే తిన్నాడు. గంటలు లెక్కపెట్టి చూస్తే రీడింగ్ ఆయనకి మామూలుగా భోజనం తర్వాత ఉండేదాని దగ్గరే ఉంది. ఇది మా బాపు ఒంటి సంగతి మాత్రమే, మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లకి మీ డాక్టర్ని అడిగి, వేలి మీద చూసుకుంటూ ఒకటితో మొదలుపెట్టండి.

మిగతా పండ్లు టూకీగా. సపోటా, కొబ్బరి పాలు, ఏ పొడీ వేయకుండానే అద్భుతం, కానీ తీపి బాగా ఎక్కువ, పిల్లలకే. నేరేడు రుచి గొప్పది, కాకపోతే మెషీన్‌లో వేస్తే తెల్ల ప్లాస్టిక్ ఊదా రంగుకి తిరిగి మళ్లీ పోలేదు, అచ్చుల్లో ఆ బాధ లేదు. పుచ్చకాయ గుజ్జుని మిక్సీలో తిప్పి నానిన సబ్జా గింజలు, నిమ్మరసం కలిపి పోస్తే పుల్ల ఐసుగా బాగుంది, దాన్ని ఐస్‌క్రీం చేయాలని చూడకండి. సీతాఫలం దసరా ముందు వస్తుంది, అప్పుడు చేస్తాను. చేసేవాళ్లు ఒక్క గింజ కూడా మిక్సీలోకి పోకుండా చేత్తో తీసేయండి, ఆ గింజల పొడి విషం, కంట్లో పడితే చాలా ప్రమాదం. మెషీన్ కొన్నవాళ్లు గింజలున్న ఏ పండూ దాంట్లో అలాగే వేయొద్దు.

మెషీన్ ఇప్పుడు అటక మీద ఉంది. అరటిపండు తప్ప ఇంకేదీ తినని పిల్లలున్న ఇల్లయితే, రబ్బరు రింగు దొరుకుతుందని తేలితే, కొనుక్కోండి, దాని అరటిపండు ముద్ద మిక్సీ ముద్ద కన్నా ఒక మెట్టు నునుపే, అది ఒప్పుకోవాలి. దానికోసమే ఆ 2 మార్కులు.

జులై చివర్లో బాపు ఊరికి పోయాడు. పోతూ పోతూ ఆరింటిలో రెండు అచ్చులు తన చేతిసంచిలో పెట్టుకున్నాడు. ఇంటి వెనక నాటు జామచెట్టు ఉంది, వానలకి కాయలు మొదలయ్యాయి. వారం తర్వాత పొద్దున్నే ఫోన్. "బిడ్డా, కారం ఎంత వేయాలె?" పావు చెంచా అన్నాను. అమ్మ పక్క నుంచి ఫోన్ లాక్కుని, "అర చెంచా వేసిండు, ఇద్దరం తిన్నం," అంది.